హుక్కా మీదికి ఏ బొగ్గు: కంపబొగ్గా, చిప్పబొగ్గా, మ్యాజిక్ కోలా?

ఇస్త్రీ పెట్టెలో పనికొచ్చిన బొగ్గు హుక్కా మీద మాత్రం ఎందుకు పనికిరాదు అనుకోవడంతోనే చాలా తప్పులు మొదలవుతాయి. ఇస్త్రీ పెట్టెకు కావలసింది అడుగు ఇనుము వేడెక్కడం ఒక్కటే. బొగ్గు పొగ, వాసన పక్క కంతల్లోంచి బయటికి పోతాయి. సీకులు కాల్చే కుంపటి వీధి గాలికి ఉంటుంది, అక్కడ కాస్త పొగ వాసన తగిలితే ఇంకా రుచి అంటారు. హుక్కా సంగతి వేరు. గొట్టం పీల్చిన ప్రతిసారీ బయటి గాలి ముందు నిప్పుల మీదుగా, తర్వాత చిలుంలోని, అంటే హుక్కా పైన ఉండే గిన్నెలోని పొగాకు గుండా, ఆ తర్వాత నీటి గుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బొగ్గులో మిగిలిపోయిన తారు, తడి, మట్టి, తొందరగా అంటుకోవడానికి కలిపిన మందు, అన్నీ ఆ దారినే వస్తాయి. కాబట్టి ఈ బొగ్గు ఎంత వేడినిస్తుంది అన్నది రెండో ప్రశ్న. వేడితోపాటు ఇంకేమిస్తుంది అన్నది మొదటిది.

కర్నూలు, కడప, అనంతపురం బజార్లలో ఈ పనికి వాడేవి ప్రధానంగా మూడు. గోనెసంచుల్లోంచి కిలోల లెక్కన తూచి ఇచ్చే కట్టెబొగ్గు, అట్టపెట్టెల్లో వచ్చే టెంకాయ చిప్పల బొగ్గు ఘనాలు, అగ్గిపుల్ల గీస్తే చిటపటలాడుతూ అంటుకునే గుండ్రటి బిళ్లలు. ఈ బిళ్లలనే అందరూ మ్యాజిక్ కోల్ అంటారు. గనుల్లోంచి తీసే రాక్షసి బొగ్గు ఈ లెక్కలోకే రాదు. అందులో గంధకం ఉంటుంది, దాని పొగ పీల్చేది కాదు. అనంతపురం వైపు బాయిలర్లకు పోయే వేరుశనగ పొట్టు బ్రికెట్లను చూసి అవీ బొగ్గే అనుకునేవారున్నారు. అవి బొగ్గు కావు, కాల్చకుండా ఒత్తిన పొట్టు. నిప్పు తగలగానే పొయ్యి కట్టెలాగే పొగ చిమ్ముతాయి.

కంపబొగ్గు: చెట్టు మంచిదే, బట్టీతోనే చిక్కు

సీమలో గోనెసంచిలో దొరికే కట్టెబొగ్గు చాలావరకు సర్కారు తుమ్మది, జనం నోట కంపచెట్టుది. ఈ చెట్టుకు ఇక్కడితో పాత సంబంధమే ఉంది. మన దేశంలో దీన్ని వేసినట్టు దొరికే తొలి నమోదు కడప జిల్లా కమలాపురానిది. విత్తనాలు కావాలని మద్రాసు అటవీ అధికారి 1876లో ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో కమలాపురంలో చల్లారు. ఆ చెట్టు ఇప్పుడు చెరువు కట్టలు, వంకలు, బీళ్లు దేన్నీ వదల్లేదు. రైతుకు తలనొప్పే గానీ కొయ్య మాత్రం బరువైనది, గట్టిది. దాని బొగ్గు కూడా గట్టిగా, నిలకడగా కాలుతుంది. ఇస్త్రీ బండ్లవాళ్లు, కబాబుల అంగళ్లవాళ్లు దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

చెట్టు మంచిదైనా బొగ్గు బాగోగులు తేలేది బట్టీ దగ్గర. కట్టెలు పేర్చి, పైన పచ్చి ఆకో గడ్డో పరిచి, మట్టి కప్పి, గాలి కొద్దికొద్దిగా అందేలా కంతలు పెట్టి లోపల నిప్పు వేస్తారు. మొదట తెల్లటి చిక్కటి పొగ వస్తుంది. అది కట్టెలోని తడి. తర్వాత పసుపు తిరిగి కళ్లు మండించే పొగ. తారు, ఆమ్లాల ఆవిర్లు పోయేది అప్పుడే. చివరికి పొగ పలచబడి నీలంగా మారుతుంది. అప్పుడు కంతలన్నీ మూసి, చల్లారేదాకా ఆగాలి. పసుపు పొగ దగ్గరే బట్టీ మూసేస్తే సగం కాలిన సరుకు వస్తుంది.

ఆ సగం కాలిన సరుకు పొరపాటున వచ్చేది కాదని లెక్క చూస్తే తెలుస్తుంది. ఎండిన కట్టె 100 కిలోలను గాలి తగలకుండా 300 డిగ్రీల దగ్గర కాలిస్తే దాదాపు 42 కిలోల బొగ్గు మిగులుతుంది, అందులో కార్బన్ 68 శాతం. అదే 500 డిగ్రీలకు తీసుకుపోతే బొగ్గు 33 కిలోలకు దిగుతుంది, కార్బన్ 86 శాతానికి ఎక్కుతుంది. హెచ్చవేసి చూస్తే రెండు చోట్లా అసలు కార్బన్ 28 కిలోల చిల్లరే. ఎక్కువ తూగిన ఆ 9 కిలోలు ఇంకా పోకుండా ఉండిపోయిన తారు, ఆవిర్లు. మట్టి బట్టీలో కొంత కట్టె అక్కడే కాలిపోతుంది కాబట్టి చేతికొచ్చేది ఇంకా తక్కువ. టన్ను బొగ్గుకు ఐదారు టన్నుల కట్టె పడుతుంది. అంత నష్టం ఉన్నచోట బట్టీ రెండు గంటలు ముందే మూస్తే అమ్మేవాడికి తూకం కలిసొస్తుంది. ఆ తూకం తర్వాత పీల్చేవాడి గొంతులో దిగుతుంది.

సంచిలోంచి రెండు ముక్కలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికి, చెవికి, ముక్కుకు తెలిసిపోతుంది. బాగా కాలిన ముక్క రెండు వేళ్ల మధ్య విరిస్తే టక్కున విరుగుతుంది. విరిగిన చోట నల్లగా నిగనిగలాడుతుంది, చెట్టు వలయాలు గీతల్లా కనబడతాయి. సిమెంటు నేల మీద వేస్తే ఖంగుమని పెంకు మోగినట్టు మోగుతుంది. వాసన ఉండదు. సగం కాలినది పైకి అంతే నల్లగా ఉంటుంది గానీ విరవబోతే లొంగదు, నారలు సాగుతాయి. నడుమ ముదురు గోధుమ రంగు గుండె కనబడుతుంది. నేల మీద వేస్తే డబ్బుమని మొద్దు చప్పుడు. ముక్కు దగ్గర పెడితే పొగచూరిన వంటింటి వాసన. నిప్పులో వేస్తే పసుపు మంట లేస్తుంది. అసలు బొగ్గుకు ఎర్రటి నిప్పు, దాని మీద పలచటి నీలి మంట తప్ప పసుపు మంట రాకూడదు. ఆ నీలి మంట సంగతి చివర్లో.

కంపబొగ్గులో ఇంకో దోషం బెరడు. సన్నకొమ్మల బొగ్గుకు బెరడు ఎక్కువ, బెరడుకు బూడిద ఎక్కువ, దాంతోపాటు ఇసుక. హుక్కాకు వాడాలంటే రెండు వేళ్ల మందం ముక్కలు ఏరుకుని, బెరడు చిదిమి, అడుగున పడిన పొడిని కలవనీయకుండా చూడాలి. తడి ఉంటే నిప్పులో పటపటా పేలుతుంది. సూక్ష్మరంధ్రాల్లో ఉన్న నీరు ఆవిరై ముక్కను చీల్చడం వల్ల వచ్చే చప్పుడది. చిలుం పక్కన తివాచీ ఉంటే కంతలు పడతాయి.

ఇంత ఏరినా చిలుం మీద పరిచే అల్యూమినియం ఫాయిల్ మీద కంపబొగ్గు కుదురుకోదు. ముక్క ఒకవైపు ఉబ్బు, ఒకవైపు పల్లం. ఆనిన ఒక్కచోట ఫాయిల్ మాడి కంత పడుతుంది, ఆ కంతలోంచి బూడిద పొగాకులోకి రాలుతుంది. పాత మట్టి చిలుముల్లో పొగాకు మీద మట్టి బిళ్ల పెట్టి, దాని మీద నిప్పులు పరిచేవారు. ఎగుడుదిగుడు నిప్పుల వేడిని ఆ బిళ్ల పట్టుకుని సమంగా కిందికి దించుతుంది. కట్టెబొగ్గు ఆ పాత అమరికలోనే ఇముడుతుంది. అక్కడ కూడా అరగంటకోసారి నిప్పులు మార్చక తప్పదు.

చిప్పబొగ్గు: పెట్టె మీది మాటలకన్నా తక్కెడ నమ్మదగినది

టెంకాయ చిప్ప కట్టెకన్నా దట్టమైనది. కర్ణాటకలోని తిప్టూరు, తమిళనాడులోని కాంగేయం లాంటి కొబ్బరి కురిడీల ఊళ్లలో చిప్పలు గుట్టలుగా పోగుపడతాయి. వాటిని కాల్చి, పొడిచేసి, కర్రపెండలం లాంటి పిండితో చేసిన జిగురు కొద్ది శాతం కలిపి, అచ్చుల్లో ఒత్తి, ఆరబెడితే హుక్కా ఘనాలు అవుతాయి. ఇండోనేషియా నుంచి దిగుమతయ్యే పెట్టెలు కూడా ఇదే పద్ధతివి. ఇంట్లో దేవుడికి కొట్టిన టెంకాయల చిప్పలు కాల్చి వాడుకోవచ్చు కదా అంటే, చిప్ప మందం కొద్ది మిల్లీమీటర్లే. ఒత్తకుండా అలాగే పెడితే నిమిషాల్లో బూడిదవుతుంది. పైగా ఇంటి పొయ్యిలో అది లోపలిదాకా బొగ్గయిందో లేదో చెప్పలేం.

ఘనాలు ఎక్కువగా 25 మి.మీ., 26 మి.మీ. కొలతల్లో వస్తాయి. కిలో పెట్టెలో 25 మి.మీ.వి 72, 26 మి.మీ.వి 64 ఉండడం మామూలు. ఈ అంకెలే కొనేవాడి చేతిలో ఆయుధం. కిలోను 72తో భాగిస్తే ఒక్కో ఘనం 14 గ్రాములకు కాస్త తక్కువ, 64తో భాగిస్తే 15.6 గ్రాములు. గ్రాములో పదో వంతు చూపే చిన్న డిజిటల్ తక్కెడ మీద ఐదారు ఘనాలు విడివిడిగా తూచాలి. 25 మి.మీ. ఘనం 11, 12 గ్రాములే తూగితే వదులుగా ఒత్తారని అర్థం, గంట నిలవాల్సింది ముప్పావు గంటకే అయిపోతుంది. 16 దాటితే ఏదో బరువు కలిసింది. అది తడి కావచ్చు, బంకమట్టి కావచ్చు. ఒకే పెట్టెలో ఘనాల బరువులు రెండు గ్రాములకు మించి తేడా పడితే ఆ తయారీనే నమ్మనక్కర్లేదు.

తడా, మట్టా అన్నది బూడిద చెబుతుంది. తూచిన ఒక ఘనాన్ని స్టీలు గిన్నెలో, ఆరుబయట, పూర్తిగా కాలిపోనిచ్చి, చల్లారాక బూడిదను తూచాలి. 14 గ్రాముల ఘనానికి 0.3 నుంచి 0.4 గ్రాముల బూడిద మిగిలితే అది రెండు, మూడు శాతం మధ్య. మంచి చిప్పబొగ్గు అక్కడే ఉంటుంది. గ్రాము దాటిందంటే ఏడు శాతం పైమాట. మట్టో, నాసి పొడో కలిసినట్టే. రంగు కూడా చూస్తారు. తెలుపు నుంచి లేత బూడిద రంగు దాకా మంచిదే. ఎర్రమట్టి రంగు తిరిగితే అనుమానించాలి. అయితే రంగు ఒక్కటి చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. ఖనిజాలు మారితే రంగు మారుతుంది, తూకం మాత్రం అబద్ధమాడదు.

బూడిద ఎంత వచ్చిందన్నదే కాదు, ఎలా నిలిచిందన్నది కూడా లెక్కే. మంచి ఘనం మీద నివురు పొరలా అంటిపెట్టుకుని, పట్టుకారుతో తట్టినప్పుడే రాలుతుంది. జిగురు తక్కువైనదో, సరిగా ఆరనిదో అయితే గాలికే పొరలు పొరలుగా లేచి ఫాయిల్ మీద పరుచుకుంటుంది. నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీద వదిలితే రెండు మూడు ముక్కలైనా ఫర్వాలేదు. పొడి పొడి అయితే నిప్పు మీద కూడా అలాగే విచ్చిపోతుంది. పైన వెంట్రుకవాసి చీలికలు కనబడడం వేడిగదిలో తొందరగా ఆరబెట్టిన గుర్తు. అలాంటివి అంటించేటప్పుడు సగానికి చీలతాయి.

చిప్పబొగ్గు మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ బొగ్గువి కావు, అంటించడంలో చూపిన తొందరవి. ఇది అగ్గిపుల్లకు అంటుకోదు. కాయిల్ స్టవ్ మీద పెట్టాక మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ కాదు. సన్నగా ఆవిరి, జిగురు కాలే తీపి వాసన వస్తాయి. నాలుగో నిమిషానికి అడుగు ఎర్రబడుతుంది. అప్పుడు తిప్పాలి. ఇంకో నాలుగు నిమిషాలకు రెండో వైపు ఎరుపెక్కి అంచుల్లో నివురు మొదలవుతుంది. కానీ పక్కల నడుమ ఇంకా నల్లటి పట్టీ ఉంటుంది. చాలామంది ఇక్కడే ఎత్తి చిలుం మీద పెట్టేస్తారు. ఆ నల్ల పట్టీయే తలనొప్పికి, పుల్లటి వాసనకు మూలం. అక్కడ ఇంకా ఆవిర్లు పోతూనే ఉన్నాయి. పక్కకు దొర్లించి ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచితే ఆరు ముఖాలూ కణకణలాడతాయి. మొత్తం 8 నుంచి 12 నిమిషాలు. ఆ పది నిమిషాలు స్టవ్ కిటికీ దగ్గరో వరండాలోనో ఉండాలి, మంచం పక్కన పెట్టేది కాదు. వంట గ్యాసు మీద అయితే ఇనుప జాలీ వేసి దాని మీద పెట్టాలి. లేకపోతే బూడిద బర్నర్ కంతల్లో దిగి మర్నాడు మంట పసుపు తిరుగుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద ఈ పని జరగదు. కిరోసిన్, డీజిల్ చల్లి అంటించడం మాత్రం ఏ బొగ్గుకూ చేయకూడదు. బొగ్గు స్పంజిలాంటిది. పైన మంట ఆరినా లోపల పీల్చుకున్న నూనె గంటదాకా వాసన కొడుతూనే ఉంటుంది.

చిలుంలో పాకం, గ్లిజరిన్ కలిపిన తడి పొగాకు 15, 20 గ్రాములు ఉంటే 25 మి.మీ. ఘనాలు మూడు చాలు. ఫాయిల్ మీద అంచుల వెంబడి పెట్టి, పొగ పట్టాక ఒకటి తీసేసి రెండింటితో నడపడం మేలు. పది పదిహేను నిమిషాలకోసారి బూడిద తట్టి, స్థలం మార్చాలి. గొంతు మండితే బొగ్గును తిట్టేముందు నిప్పులు ఎక్కువయ్యాయేమో చూసుకోవాలి. పొగాకులోని పాకం మాడి, గ్లిజరిన్ అతిగా కాలితే వచ్చే ఘాటు అది. అక్రోలీన్ అనే ఆ పదార్థం కళ్లు, గొంతు రెండింటినీ కొరుకుతుంది. నిప్పు మధ్యలో ఆరిపోతుంటే మూడు కారణాలు వెతకాలి: తడిసిన బొగ్గు, మూత బిగించి గాలి ఆపడం, నేరుగా తగిలే ఫ్యాను.

మ్యాజిక్ కోల్: సాంబ్రాణికి సరే

బిళ్ల అగ్గిపుల్లకే అంటుకోవడం వెనుక మాయ ఏమీ లేదు. బొగ్గు పొడిలో సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్ కలుపుతారు. తుపాకి మందులో ప్రాణవాయువు అందించేది కూడా ఇదే ఉప్పు. నిప్పురవ్వలు ఒక కొసనుంచి ఇంకో కొసకు సర్రున పాకడం దాని పనే. 33 మి.మీ., 40 మి.మీ. బిళ్లలు పదేసి చొప్పున చుట్టగా వస్తాయి. రవ్వలు ఆగేదాకా అందులోంచి వచ్చే పొగ పీల్చే పొగ కాదు. రవ్వలు ఆగాక కూడా బిళ్ల మొత్తం బూడిద రంగు తిరిగేదాకా నాలుగైదు నిమిషాలు ఆగాలి. అంత ఆగినా అగ్గిపుల్ల తల కాలిన రుచి కొంత నిలుస్తుందనేది వాడేవాళ్లందరి మాట. అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది. మొదట ఎక్కువ వేడి, చివర్లో ఏమీ లేదు. పూజగదిలో సాంబ్రాణికి, దర్గాలో ఊదుకు ఇది చక్కగా సరిపోతుంది. కిటికీ తెరిచి ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. హుక్కా మీద పెట్టడానికి దీనికున్న అర్హత తొందర ఒక్కటే.

కొన్న తర్వాత

బొగ్గు గాలిలోని తడిని తాగుతుంది. మే నెల కర్నూలు ఎండలో సంచి మూతి తెరిచి ఉంచినా ఎండుతుందే గానీ తడవదు. చిక్కు వానలప్పుడు. అనంతపురంలో వాన తక్కువే అయినా, పడేదానిలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఆ నెలల్లో కొన్న సంచిని ఒక్కసారి పరీక్షించడం మంచిది. సంచి నడుమ నుంచి కిలో తీసి తూచి, రెండు రోజులు ఎండలో పరిచి మళ్లీ తూచాలి. 50 నుంచి 100 గ్రాములు తగ్గితే మామూలు తడే. 150 దాటిందంటే నీళ్లకు బొగ్గు ధర కట్టినట్టు. ఘనాల పెట్టెలో లోపలి ప్లాస్టిక్ కవరు మూతి మడిచి, రేకు డబ్బాలో పెడితే ఏడాది అయినా చెడదు. తడిసినవి ఎండబెట్టి వాడుకోవచ్చు గానీ జిగురు ఒకసారి నానితే ఘనం పొరలు లేస్తుంది.

బట్టీ నుంచి నేరుగా తెచ్చుకునేవారు ఇంకోటి గమనించాలి. అప్పుడే తీసిన బొగ్గు గాలిని పీల్చుకుంటూ తనంతట తనే వేడెక్కగలదు. కనీసం ఒక రోజు ఆరుబయట పరిచి ఉంచాకే సంచికెత్తాలి. చల్లగా ఉందని ఆటోలో వేసుకున్న సంచి దారిలో పొగ కక్కడం వింతేం కాదు.

ధర పోల్చేటప్పుడు కిలోకెంత అని చూడడం సరికాదు. గంటకెంత అని చూడాలి. ఒక గంటకు మొదట మూడు, మధ్యలో ఒకటి రెండు చొప్పున 25 మి.మీ. ఘనాలు నాలుగైదు పడతాయి. అంటే 72 ఘనాల పెట్టె దాదాపు 15 గంటలు. బిళ్లలైతే గంటలో రెండు విడతలు పెట్టాలి, పది బిళ్లల చుట్ట రెండు మూడు గంటలకే చెల్లు. కంపబొగ్గు కిలో ధర వీటి ముందు లెక్కలోకి రాదు గానీ, ఏరి, బెరడు, పొడి తీసేశాక హుక్కాకు మిగిలేది సంచిలో కొంతే. మిగతాది ఇస్త్రీకో కుంపటికో పోతుంది కాబట్టి నష్టమని కూడా అనలేం.

ఏరలేని విషం

ఇప్పుడు నీలి మంట. నిప్పు మీద ఆడే ఆ మంట కార్బన్ మోనాక్సైడ్ కాలుతున్న మంట. బొగ్గుకు గాలి చాలినంత అందనప్పుడు పుట్టే వాయువిది. రంగు లేదు, వాసన లేదు. కార్బన్ ఎంత శుద్ధంగా ఉన్నా ఇది పుడుతుంది, ఎందుకంటే పుట్టేదే కార్బన్ నుంచి. హుక్కా పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌లో ఎక్కువ భాగం పొగాకుది కాదు, బొగ్గుది. మంచి బొగ్గు ఎంచుకుంటే తారు తగ్గుతుంది, మట్టి తగ్గుతుంది, వాసన పోతుంది. ఈ వాయువు మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఘాటు లేని పొగను ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసేపు పీలుస్తారు. ఖరీదైన బొగ్గు మీద "ఆరోగ్యకరం" అని రాసి అమ్మడంలో ఉన్న మోసం ఇక్కడే.

నీళ్లలోంచి వస్తుంది కదా, వడపోత అవుతుంది అనే నమ్మకం ఇంకా బలంగానే ఉంది. నీరు పొగను చల్లబరుస్తుంది, అంతే. కార్బన్ మోనాక్సైడ్ నీటిలో దాదాపు కరగదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గంటసేపు హుక్కా తాగితే లోపలికి పోయే పొగ పరిమాణం ఒక్క సిగరెట్ పొగకు 100 నుంచి 200 రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నాటి సలహా పత్రంలో చెప్పింది. పొగాకు లేదు, హెర్బల్ అని ఇచ్చేదానిలో నికోటిన్ లేకపోవచ్చు. పైన బొగ్గు ఉన్నంతవరకు ఈ వాయువు మాత్రం ఉంటుంది. బొగ్గు బదులు కరెంటుతో వేడిచేసే చిలుములు వాడితే ఇది బాగా తగ్గుతుంది, నికోటిన్ అలాగే ఉంటుంది.

తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం మొదలైతే కొందరు కిక్కు అంటారు. అది విషం ఎక్కడం. వెంటనే నిప్పులు బయటికి తీసి, మనిషిని గాలిలోకి తీసుకురావాలి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాలి. తలుపులు బిగించి ఏసీ వేసిన గదిలో పీల్చనివాడికి కూడా ఇదే జరుగుతుంది. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి ప్రాణాలు పోయిన ఘటనల్లో చంపింది కూడా ఈ వాయువే. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండనే కూడదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం బహిరంగ స్థలాల్లో పొగ తాగడం, 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడం నిషిద్ధం. పొగ తాగడానికి కేటాయించిన గదిలో ఎలాంటి సర్వీసూ ఉండకూడదని 2017లో నిబంధన చేర్చారు. హోటల్ బల్ల దగ్గరికి హుక్కా తెచ్చిపెట్టడం దాంతోనే చెల్లదు.

ఇక మిగిలిన నిప్పులు. నివురుగప్పిన నిప్పు అన్నమాట ఊరికే పుట్టలేదు. తెల్లటి బూడిద కింద చిప్పబొగ్గు గంటల తరబడి ఎర్రగానే ఉంటుంది. పైన చెయ్యి పెడితే వెచ్చదనం కూడా తగలకపోవచ్చు. ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేసిన బూడిద అర్ధరాత్రి అంటుకునేది ఇలాగే. అడుగున ఇసుక పోసిన ఇనుప డబ్బాలోనో మట్టి కుండలోనో వేసి, నిండా నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, బుసబుసలు ఆగాయో లేదో చూసి, పారబోయడం మర్నాటికి వాయిదా వేయాలి.